నొక్కని మీట

చదరంగం ఫైనల్ ఆట మొదలై రెండున్నర గంటలైంది. స్టోర్‌కీపర్ కళ్లలో ఇసుక పోసినట్టుంది.

గుర్రాన్ని కదపాలనుకుని శకటం మీదికి చెయ్యి పోనిచ్చాడు. సమయానికి వెనక్కి తీసుకున్నాడు. పావును ముట్టుకుంటే కదపాల్సిందే.

అతనికి కప్పు అక్కర్లేదు. క్లబ్బులో గెలిచినవాళ్లని పెద్ద పోటీకి పంపుతారు. మూడు రోజులు, హోటల్లో గది. గది అంటే మంచం. మంచం అంటే తెల్లవార్లూ నిద్ర.

భార్యకు నడుము కింద స్పర్శ పోయి నాలుగేళ్లు. ఒంటికి పుండ్లు పడకుండా రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పాలి. ఈ నాలుగేళ్లలో అతను ఏకబిగిన నిద్రపోయింది లేదు. విసుక్కున్నదీ లేదు. పోటీకి వెళ్లాల్సి వస్తే ఆ మూడు రోజులూ వచ్చి ఉంటానని మరదలు మాటిచ్చింది. ఊరికే రమ్మని అడగడానికి అతనికి నోరు రాలేదు.

ఎదురుగా లెక్కల టీచరు గారు. క్లబ్బులో సగంమంది ఆ చేతి కింద ఆట నేర్చుకున్నవాళ్లే, స్టోర్‌కీపర్‌తో సహా. ఎత్తు వేసి గడియారం మీట నొక్కకపోవడం, అన్నం తిని చెయ్యి కడుక్కోకపోవడం ఒకటేనని టీచరు గారు అందరికీ చెబుతుంటారు.

టీచరు గారు ఏనుగును ముందుకు తోశారు. ఇంకో నాలుగెత్తుల్లో స్టోర్‌కీపర్‌కి ఆట కట్టు. తోసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

మీట నొక్కలేదు.

స్టోర్‌కీపర్ చూశాడు. మీట నొక్కలేదు కనుక టీచరు గారి గడియారమే నడుస్తోంది. ఇంకా మూడు నిమిషాలు, అవి అయిపోతే టీచరు గారు ఓడినట్టే. చెప్పి తీరాలన్న నియమం లేదు. చెప్పడం మర్యాద. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, బోర్డు మీదికి వంగి, ఆలోచిస్తున్నట్టు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. టీచరు గారు ఓపిగ్గా ఎదురుచూశారు.

గడియారం కీచుమంది.

“ఊరందరికీ చెప్పే మీరే మర్చిపోతే ఎలాగండీ?” అన్నాడు క్లబ్బు కార్యదర్శి. టీచరు గారు నవ్వారు.

హాలు ఖాళీ అయింది. స్టోర్‌కీపర్ తలెత్తలేకపోయాడు. పావులు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుతూ ఒప్పుకున్నాడు. గడియారం సంగతి చూశానని, కావాలనే చెప్పలేదని, రేపు కార్యదర్శిని కలిసి గెలుపు వదులుకుంటానని.

“నేనూ చూస్తూనే ఉన్నానండీ,” అంటూ టీచరు గారు తన చక్రాల కుర్చీకి బ్రేకు తీశారు, “ఆ మూడు రాత్రులూ నన్ను చెల్లెలు తిప్పుతుంది గానీ, మీరెళ్లి కంటినిండా నిద్రపోండి.”