పచ్చ హెల్మెట్ ఆయన

"ఆ టైరు వద్దు మేడమ్!"

ఆమె ఉలిక్కిపడింది. చేతిలోని టైరు జారి నేలమీద దొర్లింది.

పచ్చ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకాయన పక్కనే నిలబడి ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి.

"మిమ్మల్ని ఎవరడిగారు?" అంది.

సైకిల్ షాపు అక్క నవ్వు ఆపుకుంది. షాపూ ఆవిడదే, రిపేర్లూ ఆవిడవే. మోచేతుల దాకా గ్రీజు.

"అది కాదు మేడమ్, దాని పక్కలు చూడండి, ఎంత పల్చనో. మన కొండదారిలో అన్నీ పదునైన రాళ్లు. ఇట్టే చీరేస్తాయి. ముందు చక్రానికి దళసరిది, పెద్ద గుబ్బలున్నది వేయించుకోండి. వెనక కాస్త నున్నగా ఉన్నా ఫరవాలేదు."

"అక్కా, షాపు నీదా, ఈయనదా?"

"నాదేలే. కానీ ఆయన చెప్పింది నిజమే అమ్మాయ్."

టైర్లు మార్పించడానికి ఆమె తెచ్చిన సైకిలు భర్తది.

పోయిన వానాకాలంలో ఆయన కొండ దిగుతుంటే ముందు ట్యూబు రాయికి నొక్కుకుని పగిలింది. ఎగిరి బండల మధ్య పడ్డాడు. ఆమెకు కబురు అందేసరికే అంతా అయిపోయింది.

అప్పటినుంచీ ఆమెకు కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం, లేకపోతే ఇల్లు. ఇంట్లో రెండో కుర్చీ ఉతికిన బట్టలు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

ఆయన పోవడం కన్నా, ఒంటరిగా పోవడం ఆమెను తినేస్తోంది. పడ్డాక పిలిచే ఉంటాడు. ఎవరూ పలికి ఉండరు.

ఆ చోటికి వెళ్లి కాసేపు కూర్చోవాలనుకుంది. అదీ ఆయన సైకిలు మీదే. కానీ ఈసారి ఆ చక్రాల్లో ట్యూబన్నది ఉండకూడదు. అందుకే ట్యూబ్‌లెస్ టైర్లు వేయిస్తోంది.

అక్క పాత టైర్లు ఊడదీసింది. రిమ్ము చుట్టూ గాలి పోకుండా టేపు అతికించి, కొత్త వాల్వు బిగించింది. టైరు అంచులకు సబ్బునీళ్లు రాసి, లోపల పాలలాంటి తెల్లటి ద్రవం పోసింది.

"ముల్లు గుచ్చుకున్నా ఇదే వెళ్లి కన్నం పూడ్చేస్తుంది. నీకు తెలియను కూడా తెలియదు."

గాలి కొడుతుంటే ఒకచోట అంచు పట్టలేదు. తెల్లటి ద్రవం బుసబుసా పైకి చిమ్మింది.

పచ్చ హెల్మెట్ ఆయన ఎవరూ పిలవకుండానే వంగి, రెండు చేతులతో టైరును అదిమి పట్టుకున్నాడు.

ఠప్! ఠప్!

అంచు రిమ్ములో కూర్చుంది. ఆయన చొక్కా నిండా తెల్లచుక్కలు.

"గాలి మరీ గట్టిగా కొట్టించకండి మేడమ్. కాస్త తక్కువుంటేనే రాళ్లమీద పట్టు బాగుంటుంది. నొక్కుకుపోవడానికి ట్యూబు లేదుగా!"

ఆమె పర్సు తీసి అక్కకు డబ్బులు లెక్కపెట్టింది.

"ఆదివారం కొండకు వెళ్తున్నారని అక్క చెప్పింది. దారి నాకు బాగా తెలుసు, తోడొస్తాను. మీతో ఒక మాట..."

"అక్కర్లేదు."

ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. సగం కొండ ఎక్కి వెనక్కి చూస్తే, కింది మలుపులో పచ్చ హెల్మెట్!

ఆమె ఆగింది. ఆయనా ఆగాడు. ఆమె కదిలింది. ఆయనా కదిలాడు.

పై మలుపు దగ్గర సైకిలు అడ్డంగా పెట్టి నిలబడింది.

"ఎందుకు నా వెంట పడుతున్నారు?"

"వెంట పడటం కాదమ్మా. మీకు ఒక విషయం..."

"మొగుడు లేనిదాన్ని కదా, ఏం మాట్లాడినా చెల్లుతుందనుకున్నారా?"

ఆయన ముఖం పాలిపోయింది.

"తప్పయిపోయింది" అన్నాడు. సైకిలు తిప్పుకుని దిగిపోయాడు.

పీడ విరగడైందనుకుంది ఆమె.

బండల దగ్గరికి చేరాక సైకిలు దిగింది. ఎటు చూసినా బండలే. ఆయన పడింది ఇక్కడా, అక్కడా? ఎవర్ని అడగాలి?

చివరికి ఏదో ఒక రాయిమీద కూర్చుంది.

"ఏమండీ!" అని ఒకసారి పిలిచింది.

గాలి వీస్తూనే ఉంది.

మళ్లీ వెళ్లాలనిపించలేదు. చాలా రోజులు సైకిలు గోడకే ఆనుకుని ఉండిపోయింది. టైర్లలో ద్రవం ఎండిపోతే మళ్లీ పోయించాలని అక్క చెప్పిన మాట గుర్తొచ్చి, ఓ సెలవురోజు షాపుకు తీసుకెళ్లింది.

అక్క చక్రం పట్టుకుని ఊపి చూసింది. లోపల చప్పుడు లేదు.

"ఎండిపోయింది అమ్మాయ్. కూర్చో, పోసిస్తాను."

కాసేపటికి ఆమే అడిగింది. "ఆ పచ్చ హెల్మెట్ ఆయన కనిపించడం లేదే?"

"బదిలీ అయింది. ఊరు వదిలి వెళ్లిపోయాడు."

"ఏ ఊరికి?"

"చెప్పలేదు. నాకూ అడగాలని తట్టలేదు."

"ఆ రోజు కాస్త దురుసుగా మాట్లాడాను అక్కా."

అక్క చేస్తున్న పని ఆపింది.

"వెళ్లే ముందు వచ్చి, నువ్వు కూర్చున్నచోటే చాలాసేపు కూర్చున్నాడు. నీతో చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నా మాట పెగల్లేదట. నన్నైనా చెప్పమన్నాడు."

"ఏమని?"

అక్క గుడ్డతో చేతులు తుడుచుకుంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

"ఆ రోజు కొండమీద మీ ఆయన కళ్లు మూసేదాకా తల ఒళ్లో పెట్టుకుని, చెయ్యి వదలకుండా కూర్చున్నది ఆయనేనట."