ఎర్ర కారు బోర్డు

“చీలిక కూడా పెట్టాలా?” మోజెస్ చేతిలో ఉలి కింద పెట్టేశాడు.

“పెట్టాలండీ. సరిగ్గా అక్కడే, అంత పొడుగే,” అంది కృష్ణప్రియ.

నందిగామలో మోజెస్ వడ్రంగి కొట్టుకి చీలికలు పూడ్చమని వచ్చేవాళ్ళే గాని, కొత్త చెక్కకి చీలిక పెట్టమని వచ్చిన మనిషి ఈమే మొదలు. జగ్గయ్యపేట మిర్చి వ్యాపారుల ఇంటి ఆడపడుచు. తండ్రి దశరథరామయ్య వయసులో ఉండగా మద్రాసు నుంచి తెచ్చుకున్న ఎర్ర రేసు కారు వాళ్ళ షెడ్డులో ఉంది. రెండే సీట్లు, పైన టాపు లేదు. దాని చెక్క డ్యాష్‌బోర్డు ఊడదీయించి, పాత దుప్పట్లో పసిబిడ్డని చుట్టినట్టు చుట్టి తెచ్చింది. అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలంటుంది.

“ఇది బానే ఉందిగదమ్మా. చీలిక పూడ్చి పాలిష్ కొడితే మన తర్వాత కూడా ఉంటది. ఇంకోటెందుకు?”

“కారు అమ్మేస్తున్నామండీ. ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి ఇంక అమ్మడానికి అదే మిగిలింది. కొనే ఆయనది బెజవాడ. పాత కార్లు పోగేస్తాడు. అసలు బోర్డు లేకపోతే కారే వద్దన్నాడు.”

మోజెస్‌కి అప్పుడు వెలిగింది. అసలుది ఇంట్లో దాచుకుని, నకలు కారుకి తగిలిస్తారన్న మాట.

“అంటే... మోసమేగదమ్మా?”

ఆమె తల వంచుకుంది. “మోసమేనండీ. నాకు ఇంకో దారి కనపడలేదు. ఆయనకి మాత్రం తెలియకూడదు.”

కుదరదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. తెరిచిన నోటితోనే సరేనన్నాడు.

“ఈ చిల్లేంటమ్మా, మధ్యలో?”

“వేదాద్రి నరసింహస్వామి బొమ్మ ఉండేది. నాన్న బండి తీసే ముందు అక్కడ తాకి కళ్ళకద్దుకునేవారు. తాకి తాకి పక్కన గుంట పడింది, చూడండి. ఆ గుంట కూడా రావాలి.”

“పుణ్యాత్ముడు,” అన్నాడు మోజెస్.

ఆమె ఆ గుంట మీద వేలు ఆనించి తీసింది.

“రంగు కలవడం కష్టమమ్మా. ఈ ఎరుపు మన టేకుకి రాదు.”

“రంగు ఎలా ఉన్నా పర్వాలేదు. చెయ్యి పెడితే తేడా తెలియకూడదు, అంతే. మీటర్ల ముళ్ళు కదలకపోయినా సరే, అద్దాలు మాత్రం చల్లగా తగలాలి. ఆ పాత పెట్రోలు వాసన కూడా కొంచెం రావాలి.”

“కొనే ఆయన వాసన చూసి కొంటాడా ఏంటమ్మా!” అని నవ్వాడు మోజెస్. ఆమె నవ్వలేదు.

ఇంట్లో ఆరోగ్యమ్మ మాత్రం ఊరుకోలేదు. “ఏమయ్యా, ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకు తిరిగే చేతులేనా ఇవి?”

“మాటిచ్చానే.”

“దొంగమాట ఇచ్చి, దొంగపని చేసి నిలబెట్టుకుంటావా? రేపు బయటపడితే ఎవరు చేశారంటారు? వ్యాపారుల పేరు రాదు. నీ పేరే వస్తది.”

మోజెస్ పనిలో పడ్డాడు. చీలిక కుదిరింది. చిల్లు కుదిరింది. అద్దాలు బిగించి, కాస్త పెట్రోలు పూశాడు. గుంట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఉప్పుకాగితంతో తీస్తే అది మిషను మీద తీసినట్టు వస్తోంది. చివరికి నూనె అద్ది, తన బొటనవేలితోనే రుద్దుతూ కూర్చున్నాడు. రుద్దుతుంటే ఎవరో పెట్టుకున్న దణ్ణాన్ని తను దొంగిలిస్తున్నట్టు అనిపించింది.

పని అయ్యాక కృష్ణప్రియ వచ్చి అసలు బోర్డు తీసుకెళ్ళింది. కొత్తదాన్ని నూనె ఆరాక తెచ్చిమ్మంది.

“చేసింది చేశావు. ఆ కొనేవాడి ముందు నిజం చెప్పి రా. అప్పుడే ఈ ఇంట్లో అన్నం తిను,” అంది ఆరోగ్యమ్మ, బోర్డుని తమ దుప్పట్లో చుట్టి అందిస్తూ. మోజెస్ సరేనన్నాడు. ఎవరేమడిగినా సరేననడమే తనకి చేతనైందనుకున్నాడు.

బస్సులో బోర్డు ఒళ్ళో పెట్టుకుని, జగ్గయ్యపేట వచ్చేదాకా ఒకటే మాట లోపల అనుకుంటూ వచ్చాడు. ‘అయ్యా, ఇది అసలుది కాదండీ.’

షెడ్డు తలుపులు మూసి ఉన్నాయి. కృష్ణప్రియ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది.

“ఆయన లోపలున్నారు. పొద్దుటి నుంచి బోర్డేదీ, బోర్డేదీ అని ఒకటే గొడవ. మీరు నోరెత్తకండి, మీకు పుణ్యముంటుంది.”

మోజెస్‌ని హాల్లో నిలబెట్టి, దుప్పటి తీసి, బోర్డు తనే మోసుకుని తెర వెనకున్న గదిలోకి వెళ్ళింది.

“వచ్చిందా? ఏదీ, ఇలా పెట్టు,” అంది పెద్దమనిషి గొంతు.

వేలిగోరు చెక్క మీద నడుస్తున్న చప్పుడు బయటికి వినిపించింది.

“అద్దాలు... చిల్లు... ఇదిగో చీలిక.” ముక్కుతో గట్టిగా పీల్చిన చప్పుడైంది. “ఇదే. ఇంకేం అనుమానం లేదు. ఇదే!”

ఆ గొంతులో చంటిపిల్లాడి సంబరం ఉంది. అంత నమ్మకం మోజెస్ వినలేకపోయాడు. కృష్ణప్రియ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి అతనికి చేతులు జోడించింది. ఆమె మొహంలో నవ్వు చూడటం అతనికి అదే మొదటిసారి. మోసం పారినందుకా ఇంత నవ్వు అనుకున్నాడు.

తెర దగ్గరికి నడిచాడు.

“వద్దండీ,” అని కృష్ణప్రియ రెండు చేతులతో చొక్కా పట్టుకుంది.

మోజెస్ ఆగలేదు. “అయ్యా, తప్పు నాదండీ. అది అసలు బోర్డు కాదు. నేను చేసిన నకలు. అసలుది వేరే ఉంది.”

లోపల గోటి చప్పుడు ఆగిపోయింది.

“అయితే అసలుది కారుతోనే పోయిందా? కారు అమ్మేశావా, తల్లీ?” అన్నాడు చూపు లేని ఆమె తండ్రి.