తలుపు దగ్గర ఇద్దరు

పొద్దున బెంగళూరు పోయే ప్యాసింజరుకు కొత్త బోగీలు తగిలించిన రోజున గంగులమ్మకు అనుమానం తీరిపోయింది.

అంతవరకూ ఆమె ఆ ఇద్దరినీ క్షమిస్తూనే వచ్చింది. గనులు మూతపడ్డాక కోలారు బంగారు గనుల ఊరు ఊరంతా పనికోసం ఆ ఒక్క రైలే ఎక్కుతోంది. మారికుప్పంలో బయలుదేరేటప్పుడే సీట్లు నిండుతాయి. బంగారుపేట దాటితే కాలు తీసినవాడికి మళ్ళీ కాలు పెట్టుకునే చోటు దొరకదు. అలాంటి రైల్లో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి తలుపు పక్కన ఒకరినొకరు ఒరుసుకుని నిలబడితే తప్పు వాళ్ళది కాదు, రైలుది.

కానీ ఇప్పుడు రైలు పొడుగైంది. సీట్లు ఖాళీగా ఉన్నాయి. బోగీల కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టిన బ్యాంకు గుమాస్తా కేశవమూర్తి, పెళ్ళింట్లో పెద్దమనిషిలా బోగీ అంతా తిరిగి అందరినీ కూర్చోబెడుతున్నాడు.

"రామ్మా మునిరత్నా, ఇక్కడ కిటికీ పక్కన ఖాళీ ఉంది."

"వద్దు సార్. నిలబడేది అలవాటైపోయినాది," అంది మునిరత్న.

తలుపుకు అవతలి పక్క నిలబడ్డ మనిషిని కూడా పిలిచాడు. అతనికీ అలవాటైపోయిందట.

గంగులమ్మ బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఆయా. ఆ బోగీలో ఆడవాళ్ళందరికీ పెద్దమ్మ. మునిరత్న ఉద్యోగానికి బయలుదేరిన మొదటి రోజున ఆమెను చెయ్యి పట్టి రైల్లోకి లాగింది తనే. మెడలో తాళి ఉంది. మొగుడేం చేస్తాడని అడిగితే, "బెంగళూర్లోనే పని పెద్దమ్మా," అంది. అత్తగారింట్లో గట్టిగా మాట్లాడి ఎరగదట. అలాంటి పిల్ల, మారికుప్పం తరువాత వచ్చే కోరమండల్ స్టేషన్లో ఆ మనిషి ఎక్కగానే మరో మనిషైపోతుంది. దిగేదాకా నవ్వులే. సాయంత్రం అతను కోరమండల్లో దిగి, అక్కడ పెట్టిన పాల క్యాన్ల స్కూటరు తీసుకుని ఇళ్ళకు పాలు పోయడానికి పోతాడు. ఆ తరువాత మారికుప్పం దాకా ఆమె నోరు విప్పదు.

ఒకసారి గంగులమ్మ చెవిన ఒక ముక్క పడింది.

"రాత్రి నిద్ర పట్టిందా?" అంటున్నాడు అతను.

"యాడ పట్టేది! నీకు?"

పరాయి మగవాడితో మాట్లాడే మాటలు కావు అవి. ఆ రోజంతా గంగులమ్మకు అన్నం సహించలేదు.

బోగీలో గుసగుసలు మొదలయ్యాయి. ఆడవాళ్ళు మునిరత్న పక్కన కూర్చోవడం మానేశారు. ఆమె కూర్చోదు కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియలేదు. ఇక లాభం లేదని శనివారం సాయంత్రం, అతను దిగిపోయాక, గంగులమ్మ ఆమె పక్కకు వెళ్ళి నిలబడింది.

"యారమ్మా ఆయప్ప?"

"తెలిసినాయనే పెద్దమ్మా." నవ్వింది.

"నగేదానికేముండాది? సీట్లు ఖాళీగా ఉంటే ఈడ నిలబడి ఏమి మాటలు? జనం ఏమంటాండారో తెలుసునా? ఇంగ ఆపు."

మునిరత్న నవ్వు ఆగిపోయింది.

"దినానికి నేను మనిషి మాదిరి నోరు తెరిచేది ఈ రైల్లోనే పెద్దమ్మా. దాన్నీ ఇడిచిపెట్టమంటావా?"

గంగులమ్మకు జాలి వేసింది. జాలి వేసినందుకు కోపమూ వచ్చింది. చెబితే ఒక కాపురం కూలుతుంది. చెప్పకపోతే రేపు ఎవరో ఒకరు ఇంతకు పదింతలు చేసి చెబుతారు. రాత్రంతా ఆలోచించి, ఆదివారం మధ్యాహ్నం మునిరత్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

గనిపనివాళ్ళ కోసం ఏనాడో కట్టిన లైన్ ఇళ్ళవి. గోడకు గోడ ఆనుకుని వరసగా ఉన్నాయి. గడప బయట మునిరత్న అత్త చెన్నమ్మ అనపకాయలు ఒలుస్తోంది. లోపల ఉన్నది ఒక్కటే గది. మామ మంచంలో పడుకుని దగ్గుతున్నాడు. మరుదులు, వాళ్ళ పెళ్ళాలు, టీవీ ముందు పిల్లలు. మూలన పొయ్యి దగ్గర, ఇటు వీపు పెట్టి, మునిరత్న సంగటి కెలుకుతోంది.

"లోపల కూసోమనేదానికి జాగా లేదు తల్లీ, ఈడనే కూసో," అని చెన్నమ్మ గోనెపట్టా జరిపింది. "రాత్రయితే ఆడోళ్ళము లోపల, మొగోళ్ళు బయట అరుగుమీద. అట్ల సర్దుకుంటా ఉండాము."

గంగులమ్మ కూర్చోలేదు.

"నీ పెద్దకోడలి సంగతి ఒకటి చెప్పల్ల. ఆ పిల్ల మొగుడుంటే వాని ముందరే చెప్తాను."

"ఉండాడు, ఉండాడు. రెండు పూటలా పాలు పోసే క్యాన్లు కడుగుతా ఉండాడు." చెన్నమ్మ ఇంటి వెనక్కి తిరిగి కేక వేసింది. "ఒరే నంజుండా! నీ పెండ్లాము రైల్లో పోతాదే, ఆ పెద్దమ్మ వచ్చినాది. నీతో మాట్లాడల్లంట, రా!"

తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి, "అయ్యో, నువ్వా పెద్దమ్మా!" అన్నవాడు, రైలు తలుపు దగ్గర మనిషి.