మూడో ఇంటి జవాబు

మా బృందంలో లెక్క తప్పుతున్నది హిల్కా గారి పాత కంప్యూటరేనని అందరూ చదివే చోట రాసింది నేనే. "దయచేసి దాన్ని ఆపేయండి. ఇది మందు కనిపెట్టే పని, కాలక్షేపం కాదు."

డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ ఆ రోజే ఆపేసింది.

పరిశోధకులు పెద్ద లెక్కను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఇద్దరు స్వచ్ఛంద సభ్యుల ఇళ్లలోని కంప్యూటర్లకు పంపుతారు. జవాబులు కలవకపోతే అదే ముక్క మూడో ఇంటికి వెళుతుంది. మా ఇద్దరివీ పన్నెండు ముక్కల్లో కలవలేదు. మూడో ఇంటి జవాబు వచ్చేదాకా నేను ఆగలేదు.

నిన్న వచ్చింది. పన్నెండింటిలోనూ ఆవిడ జవాబే ఒప్పు. బృందంలో మొదటి స్థానం కోసం నా యంత్రాన్ని దాని శక్తికి మించి పరుగెత్తించాను. అదే తప్పులు కక్కింది.

ఈ ఉదయం బస్సెక్కి కువోపియోలోని ఆవిడ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో బూట్లు విప్పుతూ, చెప్పాల్సిన మాటలు మరోసారి వల్లించుకున్నాను.

"ఇంత మంచులో వచ్చావా నాయనా! రా, కాఫీ వేడిగా ఉంది." యాలకుల బన్ను నా ముందు పెట్టింది.

కిటికీ పక్కన కంప్యూటరు మీద అల్లిక గుడ్డ పరిచి ఉంది. దాని మీద పూలకుండీ.

"మా ఆయన పోయాక దాని రొదే నాకు తోడుగా ఉండేది," అంది. "పాత డబ్బా కదా, నాలాగే దానికీ మతి తప్పింది. నా మూలంగా మీ పనంతా ఎంత చెడిందో! సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించు నాయనా."

నోట్లో ఉన్న బన్ను మింగాను.

"పర్వాలేదు లెండి," అన్నాను.