దగ్గరి యూనివర్సిటీ

"దూరందే పట్టు బిడ్డా" అన్నాడు మాసయ్య మళ్లీ. పొద్దుటి నుంచి అదే మాట.

ప్రేమలతకు ఒళ్లు మండిపోయింది. ఎమ్మెస్సీకి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది. రెండూ సర్కారువే, రెండూ పరాయి రాష్ట్రాల్లోవే. ఒకటి గుల్బర్గాలో. తమ ఊరు గట్టు నుంచి రాయచూరు దాకా బస్సు, అక్కడ రైలెక్కితే కునుకు తీసి లేచేసరికి దిగిపోవచ్చు. శనివారం మధ్యాహ్నం బయల్దేరినా చీకటి పడేసరికి ఇంట్లో ఉంటుంది. రెండోది మధ్యప్రదేశ్‌లో ఎక్కడో అడవి అంచున. కాచిగూడ పోయి రైలెక్కాలి, మధ్యలో ఇంకో రైలు మారాలి, దిగాక మళ్లీ బస్సు వెతుక్కోవాలి. ఏదో ఒకటి ఖాయం చేయడానికి ఆ సాయంత్రం వరకే గడువు. ఒకటి పట్టుకుంటే రెండోది చేజారినట్టే.

గద్వాలలో డిగ్రీ చెప్పిన శివశంకర్ సారు, చదువు రెండుచోట్లా ఒకటేననీ, గుల్బర్గాకే పొమ్మనీ ఫోన్లో చెప్పాడు. అవ్వ జోగులమ్మకైతే మధ్యప్రదేశ్ అన్న పేరే నోరు తిరగలేదు. ఆడపిల్లను అంత దూరం తోలే తండ్రి ఎక్కడైనా ఉంటాడా అని కొడుకును దులిపేసింది. అందరి మాటలూ మాసయ్య తల వంచుకుని విన్నాడు. విని, మళ్లీ దూరందే అన్నాడు. ఎందుకని అడిగితే నోరు విప్పడు. ఇన్నేళ్లుగా కూతురు ఏది అడిగినా సరేనన్న మనిషి ఈ ఒక్క విషయంలో మొండికేశాడు.

బిందెతో నీళ్లకొచ్చిన పక్కింటి గీత మాత్రం కారణం కనిపెట్టేసింది. ఇలాంటివి కనిపెట్టడంలో ఆమెకు ఆమే సాటి.

"మీ నాయినకు ఇంకా వయసేం దాటిపోలే. నువ్వు దూరం పోతే ఇంట్లకు ఇంకొకామె వస్తది, గంతే" అని ప్రేమలత చెవిలో వేసి తన దారిన తాను పోయింది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ప్రేమలత ఫోను గుప్పిట్లో పట్టుకుని సమాధుల తోట వైపు నడిచింది. ఆదివారం చర్చి అయ్యాక అమ్మ సమాధి దగ్గర కాసేపు కూర్చోకపోతే ఆమెకు వారం గడవదు. పలక పట్టకముందే పోయిన అమ్మ ముఖం గుర్తు లేదు. గుంపు మేస్త్రీ వెంట అమ్మా నాయినా కూలికి వలస పోయారనీ, పనికాడ జ్వరం వచ్చి అమ్మ పోయిందనీ, నాయిన ఆమెను పెట్టెలో తెచ్చి ఇక్కడ మట్టి చేశాడనీ విన్నది, అంతే. ఆమెకు అమ్మంటే ఆ సిమెంటు గద్దె, దానికి ఏటా తన చేత్తో వేసే సున్నం. పరీక్ష పోతుందేమోనని ఏడ్చింది అక్కడే, పాసయ్యాక మొదట చెప్పుకున్నదీ అక్కడే. గుల్బర్గా కావాలన్నది ఆ గద్దె కోసమే. ఆ సంగతి శివశంకర్ సారుకు తెలియకపోవచ్చు గాని, మాసయ్యకు బాగా తెలుసు.

వెనక అడుగుల చప్పుడైంది. మాసయ్య. అతను ఆ గేటు దాటి లోపలికి రావడం ప్రేమలత చూడడం అదే మొదలు. ఈస్టర్ నాడు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని లోపలికి వస్తే, అతను మాత్రం బయటే బీడీ కాలుస్తూ నిలబడేవాడు.

"నేను గుల్బర్గాకే పోత" అంది ప్రేమలత తండ్రి వైపు చూడకుండా. "వారం వారం వస్త. అమ్మను ఇడిచిపెట్టి అంత దూరం నేను పోను."

"నా మాట ఇను బిడ్డా. దూరందే పట్టు."

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు. "ఎవరిని తెచ్చుకుంటవో తెచ్చుకో నాయినా, నేను అడ్డం రాను. నన్ను ఎల్లగొట్టుడు ఎందుకు? అమ్మకాడికి ఒక్కనాడన్న వచ్చినవా నువ్వు? ఒక్క కొవ్వొత్తన్న పెట్టినవా?"

అనేసి తనే భయపడింది. తండ్రిని అంత మాట ఎన్నడూ అనలేదు. మాసయ్యకు కోపం రాలేదు. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుని అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. ఆ దూరం యూనివర్సిటీ ఫొటో ఫోన్లో మరొక్కసారి చూపించమన్నాడు.

చూపించింది. పెద్ద గేటు, లోపల భవనాలు, వాటి వెనక ఒక గుట్ట. మాసయ్య చాలాసేపు చూశాడు. అతని వేలు తగిలి ఫొటో జరిగిపోతే, మళ్లీ తెచ్చి పెట్టమని ఫోను కూతురి చేతికిచ్చాడు.

"దీని పునాదులు తీసింది మా గుంపే" అన్నాడు. "నేను, మీ అమ్మ. గప్పుడు నువ్వు అవ్వకాడ ఉంటివి."

ప్రేమలత కోపమంతా ఒక్కసారిగా దిగిపోయింది. తండ్రి మొండితనం ఇప్పుడు అర్థమైంది. అమ్మ తట్టలు మోసిన చోట కూతురు చదువుకోవాలని అతనికి ఆశ. ఆ చిన్న ఆశ బయటికి చెప్పుకోలేక పొద్దుటి నుంచి అందరితో మాటలు పడ్డాడు. గీత మాట నమ్మినందుకు ఆమెకు సిగ్గేసింది. వెళ్లి తండ్రి పక్కన కూర్చుని, అతని చెయ్యి పట్టుకుంది.

"నీకు గట్ల అనిపిస్తది నాయినా, నాకు తెలుస్తది" అంది మెల్లగా. "కాని అమ్మ ఈడ ఉన్నది గద. ఆమెను ఒక్కదాన్ని ఇడిచి ఎట్ల పోవాలె?"

మాసయ్య చెయ్యి విడిపించుకుని, సున్నం వేసిన ఆ గద్దె మీద మొదటిసారి అరచెయ్యి ఆనించాడు.

"అంత దూరం నుంచి తెచ్చేదానికి నాతోని కాలే బిడ్డా. గా పెట్టెల ఆమె చీరనే ఉండె. మీ అమ్మ ఆడనే ఉన్నది, గా గుట్టకాడ, ఒక్కతే."