ముక్కెత్తే విమానం

"మళ్ళీ ముక్కెత్తింది బావా!" బావమరిది అరిచాడు.

రిమోట్ పట్టుకుని బావ కొయ్యబారి చూస్తున్నాడు. విమానం ముక్కు పైకెత్తి, వేగం తగ్గి, గాలిలో క్షణంపాటు ఆగినట్టయి, రెక్క వాల్చేసి గడ్డిలో పడింది. పొద్దుటి నుంచీ ఇదే వరస.

ఏడాదిగా తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని చేసుకున్న బొమ్మ విమానం అది. రేవులో ఆయన క్రేన్ నడుపుతాడు. టన్నుల బరువును మనుషుల మధ్యకు తెచ్చి పువ్వులా దించుతాడని పేరు. అలాంటి చేతులకు ఈ కిలో బరువు లొంగడం లేదు.

"తోక బరువెక్కువైందేమో."

"బ్యాటరీ ముందుకు జరిపానురా. ముక్కు దిగేలా రిమోట్ మీది ట్రిమ్ మీట కూడా చివరిదాకా తిప్పేశాను. పైకి లేపి స్టిక్ వదిలేస్తున్నా, దానంతటదే ఎత్తుతోంది. ఇంకేం చెయ్యను?"

"దీనికీ మీలాగే కోపం ముక్కు మీదుంటుంది కాబోలు. ఒకసారి నాకివ్వండి."

ఆ రిమోట్ ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి చప్పున ఇచ్చేశాడు. బావమరిది బ్యాటరీని పాత చోటికి జరిపి, ట్రిమ్‌ను మధ్యకు తెచ్చి ఎగరేశాడు. పైకి వెళ్ళాక స్టిక్‌ల మీంచి రెండు బొటనవేళ్ళూ ఎత్తేశాడు. విమానం గీత గీసినట్టు తిన్నగా సాగిపోయింది.

ఆయన కళ్ళు చెమర్చాయి. "కుదిరిందిరా! ఇటివ్వు, ఇటివ్వు. రేపు క్రేన్ ఎక్కానంటే మళ్ళీ తీరిక దొరకదు."

గాలిలో ఉండగానే రిమోట్ అందుకున్నాడు. ఒక చుట్టు తిప్పి, స్టిక్‌ను కొంచెం వెనక్కి లాగి ఇంకాస్త ఎత్తుకు తీసుకెళ్ళి వదిలేశాడు.

విమానం ముక్కెత్తింది.

"ముక్కు దించండి బావా!"

"వదిలేశానురా! నేనేమీ చెయ్యట్లేదు!"

వేగం సన్నగిల్లింది. రెక్క వాలింది. ఈసారి రాళ్ళ మీద పడి రెండు ముక్కలైంది.

ఆయన ఉన్నచోటే కూలబడ్డాడు. "నీ చేతిలో బాగానే ఎగిరింది కదరా. నాకెందుకిలా అవుతోంది?"

బావమరిది విరిగిన విమానం వైపు చూడనే లేదు. పాలిపోయిన ముఖంతో ఆయన చేతుల వైపే చూస్తున్నాడు. ఆయన కూడా తల వంచి చూసుకున్నాడు.

ఆయన బొటనవేలు స్టిక్‌ను ఇంకా వెనక్కి లాగిపట్టే ఉంది.