మైగ్రేషన్‌లో పదకొండేళ్ళు

“మైగ్రేషన్ మీద మీకు ఎన్నేళ్ళ అనుభవమండి?” అడిగాడు సుబ్రహ్మణ్యం.

“పదకొండేండ్లు సార్,” అన్నాడు ఓదెలు, కుర్చీ అంచున కూర్చుని.

అబద్ధమేమీ కాదు. కొండల నడుమ ఉన్న కరెంటు డ్యాం దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతాయి కదా, డ్యాం వాటికి అడ్డమైంది. వాటికి మళ్ళీ దారి చేసే ‘మైగ్రేషన్ రెస్టోరేషన్ ప్రాజెక్టు’లో ఓదెలు ఫీల్డ్ అసిస్టెంటు. మొన్న మార్చిలో ప్రాజెక్టు మూతపడింది. ఆ తర్వాత పేపర్లో ఒక ప్రకటన చూశాడు. మైగ్రేషన్ నిపుణులు కావాలి, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి, గడువు 1999 డిసెంబరు. చేపలకు ఇంత గిరాకీ ఉందా అని సంబరపడిపోయి, లింగంపల్లిలో బస్సెక్కి కొండాపూర్‌లోని ఈ అద్దాల మేడకు వచ్చేశాడు.

ఇది కంప్యూటర్ కంపెనీ అని, పాత కంప్యూటర్లలోని సమాచారాన్ని కొత్తవాటిలోకి తరలించడాన్ని ఇక్కడ మైగ్రేషన్ అంటారని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

“పాత సిస్టమ్ ఎలాంటిది?” అంది సుబ్రహ్మణ్యం పక్కన కూర్చున్న మౌనిక. టీమ్ లీడర్.

“అరవైలల్ల కట్టిన్రమ్మా. గట్టిగనే కట్టిన్రు గానీ మీదికి పోయే తొవ్వ పెట్టుడు మర్చిపోయిన్రు.”

“అందరి కథా అదే!” అని నవ్వింది మౌనిక. “మరి మీరేం చేశారు?”

“పక్కపొంటి కొత్త తొవ్వ తీసినం. మెట్లు మెట్లుగ. ఎక్కుడు, జర ఆగుడు, మల్ల ఎక్కుడు.”

‘దశలవారీగా’ అని రాసుకుంది మౌనిక.

“నష్టం?”

“మొదటేడు శాన పోయినయ్. దిగేటప్పుడు టర్బైన్ల పడి నుజ్జునుజ్జయినయ్. జాలీ పెట్టినంక ఫికర్ లేదు.”

టర్బైన్ అంటే కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కాబోలు అనుకుంది మౌనిక. వారానికో కొత్త పేరు పుట్టుకొచ్చే రోజులవి. తెలియదని అడగడం నామోషీ.

సుబ్రహ్మణ్యం కంపెనీలో మైగ్రేషన్‌కి పెద్దదిక్కు. మితభాషి. ఆయన కీబోర్డు ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు, పెద్దవాళ్ళు చెబుతారే గానీ చేయరు కదా. ఆయన ముందుకు వంగి ఒక్కటే ప్రశ్న వేశాడు.

“దారి మూసేసినా, అవి తమ చోటిని వెతుక్కుంటూనే ఉంటాయంటారా?”

“ఉంటయ్ సార్. ఎట్ల గుర్తుంటదో మనకు తెల్వది. తొవ్వ దొరికి మొదటిది మీదికెక్కిన దినం నేను ఏడ్చిన సార్.”

సుబ్రహ్మణ్యం కళ్ళు చెమర్చాయి. లేచి చెయ్యి కలిపి, ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆ సంగతి చెబితే ఓదెలు భార్య సాయమ్మ ఎగిరి గంతేసింది. “ఇగ నువ్వు మా అన్న ఇటుకబట్టీల పనికి పోవుడు తప్పింది!” అంది.

మొదటిరోజు ఆఫీసంతా కలియతిరిగి, “నీళ్ళేడున్నయమ్మా?” అని అడిగాడు ఓదెలు. మౌనిక మూలనున్న కూలర్ చూపించింది. మధ్యాహ్నానికల్లా అతనికి విషయం బోధపడింది. నిజం చెబితే ఇటుకబట్టీ, చెప్పకపోతే మోసం. సరే, రేపు చెప్పేద్దామనుకున్నాడు.

మర్నాడు అతను నోరు తెరిచేలోపే మౌనిక పరుగెత్తుకొచ్చింది. “సర్, మూడు లక్షల రికార్డుల దగ్గర ఆగిపోయింది! ఒక్కటీ ముందుకు కదలట్లేదు. క్లయింటు ఫోన్ మీద ఫోన్!”

ఓదెలుకు తెలిసింది ఒక్కటే. అదే చెప్పాడు. “అన్నిటిని ఒక్కపారే తోల్తున్నవా? గట్ల తోల్తె ఒకదాని మీద ఒకటి పడ్తయమ్మా. చిన్న చిన్న గుంపులు చెయ్యి. ఒక గుంపు దాటినంకనే ఇంకో గుంపును ఇడువు.”

సాయంత్రానికి అన్నీ దాటేశాయి. ఆఫీసంతా చప్పట్లు. సోమవారం అమెరికా క్లయింటుకి ఈ పద్ధతిని ఓదెలుగారే వివరిస్తారని మౌనిక ప్రకటించింది.

ఓదెలు ఇక ఆగలేకపోయాడు. ఇంత నమ్మినవాళ్ళను ఇంకా మోసం చేయడం అతని వల్ల కాలేదు. నేరుగా సుబ్రహ్మణ్యం గదికి వెళ్ళి చేతులు జోడించాడు.

“మాఫ్ చెయ్యున్రి సార్. నాకు కంప్యూటర్ ఆన్ చేసుడు సుత రాదు. నేను చేపలోన్ని. డ్యాం కాడ బొచ్చెలకు, రవ్వలకు తొవ్వ చేసినోన్ని. మైగ్రేషనంటే గదే అనుకొని వచ్చిన. నన్ను పంపియ్యున్రి.”

సుబ్రహ్మణ్యం లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. అద్దంలోంచి బయటికి అటూ ఇటూ చూసి, పరదా లాగాడు. కుర్చీ ఓదెలు పక్కకు జరుపుకుని కూర్చుని, గొంతు బాగా తగ్గించాడు.

“కాస్త మెల్లగా మాట్లాడండి, ఓదెలుగారూ,” అని అతని చెవి దగ్గరికి వంగాడు.

“నాది పక్షుల మైగ్రేషనండి.”